తెలుగు సాహిత్యం, సినిమాలలో స్వలింగ ప్రేమ, లింగ వైవిధ్యం

తెలుగు సాహిత్యం, సినిమాలలో స్వలింగ ప్రేమ, లింగ వైవిధ్యం అనే అంశం క్రిందికి స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు, ఇతర ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జీవితాలను చిత్రించిన కావ్యాలు, నాటకాలు, ఆత్మకథలు, చలనచిత్రాలు వస్తాయి. పుట్టుకతో వచ్చిన లింగాన్ని దాటిన పాత్రలు తెలుగువారికి కొత్త కాదు. ఆంధ్ర మహాభారతం నాటినుండీ అవి ఉన్నాయి. అయితే ఆ పాత్రలు చాలాకాలం శాపంగానో, మారువేషంగానో, వేళాకోళంగానో మాత్రమే కనబడినాయి. అటువంటి జీవితం గడిపినవారు తమ కథను తామే చెప్పుకోవడం, అది తెలుగు పాఠకునికి పుస్తకరూపంలో అందడం 21వ శతాబ్దంలో వచ్చిన మార్పు. ఈ వ్యాసంలో ఆ మార్పు క్రమమూ, విద్యార్థులు, సాధారణ పాఠకులు చదువదగిన, చూడదగిన కొన్ని రచనలూ, చిత్రాలూ వివరించబడినాయి.

ప్రతి సంవత్సరం జూన్ నెలను పలు దేశాలలో 'ప్రైడ్' మాసంగా జరుపుకుంటారు. 1969 జూన్ 28న న్యూయార్క్ నగరంలోని స్టోన్‌వాల్ ఇన్ అనే మద్యశాలపై పోలీసులు దాడి చేసినపుడు అక్కడివారు ఎదురుతిరిగిన సంఘటన దీనికి మూలం. భారతదేశంలో తొలి ప్రైడ్ నడక 1999 జూలై 2న కలకత్తాలో జరిగింది. హైదరాబాదులో తొలి ప్రైడ్ యాత్ర 2013 ఫిబ్రవరిలో జరిగింది.

పదజాలం

ఈ విషయంపై తెలుగులో వాడుకలో ఉన్న మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క దృష్టిని తెలియజేస్తాయి. వాటిని ఎరిగి వాడడం అవసరం.

* పేడి, నపుంసకుడు - కావ్యభాషలోని పదాలు. భారతకథలో బృహన్నల ప్రస్తావనలో కనబడతాయి. నేటి వ్యక్తుల విషయంలో వాడదగినవి కావు.
* హిజ్రా - గురువు, చేలా అనే బంధంతో ఒక కుటుంబంవలె జీవించే సంప్రదాయ సముదాయానికి చెందినవారు. ఇది సముదాయం పేరు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందరూ హిజ్రాలు కారు.
* ట్రాన్స్‌జెండర్ - పుట్టినపుడు నిర్ణయించిన లింగానికీ, తాము అనుభవించే లింగానికీ పొంతన లేనివారు. పత్రికలలో 'లింగమార్పిడి వ్యక్తి' అని కూడా వ్రాస్తారు. శస్త్రచికిత్స చేయించుకోనివారు కూడా ఈ కోవలోకి వస్తారు కనుక ఆ అనువాదం పూర్తిగా సరిపోదు.
* స్వలింగ సంపర్కులు - పత్రికలలో ఎక్కువగా కనబడే మాట. ఇది మనిషిని ఒక శారీరక క్రియకు కుదించి చెబుతుంది. 'స్వలింగ ప్రేమికులు' అనే మాట మరింత సముచితం. స్త్రీని ప్రేమించే స్త్రీని లెస్బియన్ అనీ, పురుషుని ప్రేమించే పురుషుని గే అనీ అంటారు.
* క్వీర్ - పై వారందరినీ కలిపి చెప్పడానికి వాడే మాట. ఆంగ్లంలో ఒకప్పుడు తిట్టు. ఆ తిట్టు పడినవారే దానిని తమ పేరుగా స్వీకరించారు.

కొజ్జా, మాడా, ఆడంగి వంటి మాటలు నేటికీ తిట్లుగానే చెల్లుతున్నాయి. పాత సినిమాల సంభాషణలలో ఇవి విరివిగా వినబడతాయి.

ప్రాచీన సాహిత్యం

ఇల, సుద్యుమ్నుడు

కొవ్వూరుకు గోదావరి ఆవలి గట్టున ఉన్న రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో నన్నయ ఆంధ్ర మహాభారత రచన ఆరంభించాడు. దానిని వ్రాయించిన తూర్పు చాళుక్యరాజు రాజరాజనరేంద్రుడు తాను చంద్రవంశీయుడననీ, పాండవులు తన పూర్వులనీ చెప్పుకున్నవాడు. చంద్రవంశానికి మూలపురుషుడైన పురూరవుడు బుధునికీ, ఇలకూ పుట్టినవాడు. ఈ ఇల కథ పోతన భాగవతం నవమస్కంధంలో వివరంగా ఉన్నది. మనువుకు మొదట కూతురుగా పుట్టిన ఇల, వసిష్ఠుని ప్రార్థనవల్ల సుద్యుమ్నుడనే కుమారుడవుతుంది. ఆ సుద్యుమ్నుడు వేటకై వెళ్ళి, పురుషులు ప్రవేశించరాని ఒక వనంలో అడుగుపెట్టి మరల స్త్రీ అవుతాడు. శివుని అనుగ్రహంతో తరువాత ఒక నెల పురుషునిగా, ఒక నెల స్త్రీగా జీవిస్తాడు. తెలుగులో ఆదికావ్యం వ్రాయించిన రాజు తన వంశాన్ని ఇటువంటి వ్యక్తి సంతానంగా చెప్పుకోవడం గమనింపదగిన విషయం.

బృహన్నల

అజ్ఞాతవాస సంవత్సరంలో అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువులో చేరి రాకుమారి ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఊర్వశి ఇచ్చిన శాపమే అతనికి ఆ ఏడాది ఉపకరించిందని కథ. తిక్కన విరాటపర్వం ద్వారా ఈ ఘట్టం తెలుగువారికి సుపరిచితం. సంవత్సరం గడువగానే బృహన్నల రూపం ముగుస్తుంది. ఆ రూపం దాల్చినవాడు మహావీరుడని పాఠకునికి మొదటినుండీ తెలుసు.

శిఖండి

శిఖండి కథ దీనికి భిన్నమైనది. వ్యాసభారతం ఉద్యోగపర్వం ప్రకారం అంబ ద్రుపదునికి కూతురై పుట్టి, కుమారునిగా పెరిగి, దశార్ణరాజు కూతురిని వివాహమాడుతుంది. నిజం బయటపడి యుద్ధం ముంచుకొచ్చినపుడు ఆత్మహత్యకు సిద్ధపడి అడవికి వెళుతుంది. స్థూణాకర్ణుడనే యక్షుడు జాలిపడి తన పురుషత్వాన్ని ఇస్తాడు. తల్లిదండ్రులు దాచిన రహస్యం, బలవంతపు పెండ్లి, అవమానం, ప్రాణత్యాగానికి పూనుకోవడం అనే క్రమం నేటి ఆత్మకథలలో కనిపించే క్రమానికి దగ్గరగా ఉన్నది. అయినా తెలుగు వాడుకలో శిఖండి అనే పేరు తిట్టుగా మిగిలింది.

రంగస్థలం

స్త్రీలు రంగస్థలం ఎక్కడానికి సమాజం అంగీకరించని రోజులలో స్త్రీపాత్రలను పురుషులే ధరించేవారు. వీరిలో బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902-1971) మిక్కిలి ప్రసిద్ధుడు. ఆయనకు 1956లో పద్మశ్రీ పురస్కారం లభించింది. కూచిపూడి సంప్రదాయంలో సత్యభామగా పేరొందిన వేదాంతం సత్యనారాయణశర్మ 1970లో పద్మశ్రీ అందుకున్నాడు. కూచిపూడి పగటివేషాలలోని అర్ధనారీశ్వర వేషంలో ఒకే నటుడు సగం స్త్రీగా, సగం పురుషునిగా కనబడతాడు. కూచిపూడిలోని స్త్రీవేష సంప్రదాయంపై హర్షిత మృత్యింటి కామత్ వ్రాసిన పరిశోధన గ్రంథం 'ఇంపర్సొనేషన్స్' 2019లో వెలువడింది.

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంలో కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి లుబ్ధావధానులకిచ్చి పెండ్లి చేస్తాడు. అక్కడ ఆడవేషం ఒక దురాచారాన్ని ఎండగట్టే ఉపాయం. తిరుపతి గంగమ్మ జాతరలో పురుషులు మొక్కుబడిగా స్త్రీవేషం ధరించడం నేటికీ ఉన్న ఆచారం.

ఈ నటులనూ, భక్తులనూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులుగా పరిగణించరాదు. వేషం తీయగానే వారు యథాప్రకారం ఇంటికి వెళ్ళగలరు. వేషం కాని జీవితం గలవారిని సమాజం ఎలా చూసిందో ఆనాటి చట్టాలలో కనబడుతుంది.

చట్టాల నేపథ్యం

హైదరాబాదు సంస్థానంలో 1329 ఫసలీ (1919) నాటి చట్టం ప్రకారం హిజ్రాల పేర్లతో ప్రభుత్వం ఒక రిజిస్టరు నిర్వహించేది. అందులో పేరున్న వ్యక్తి స్త్రీవేషంతో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉండేది. రంగస్థలంపై స్త్రీవేషానికి చప్పట్లు కొడుతున్న కాలంలోనే వీధిలో అదే వేషం నేరమైనది. ఈ చట్టం స్వాతంత్ర్యం తరువాత కూడా పుస్తకాలలో మిగిలిపోయింది. వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దీనిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

దేశమంతటికీ వర్తించిన ముఖ్య ఘట్టాలు ఇవి:

* 1860 - భారత శిక్షాస్మృతి 377వ సెక్షను స్వలింగ సంబంధాలను నేరం చేసింది.
* 2009 జూలై 2 - వయోజనుల సమ్మతితో కూడిన సంబంధాలు నేరం కావని ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది.
* 2013 డిసెంబరు 11 - సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.
* 2014 ఏప్రిల్ 15 - నాల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తృతీయ లింగంగా గుర్తించింది.
* 2018 సెప్టెంబరు 6 - నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సమ్మతితో కూడిన వయోజనుల స్వలింగ సంబంధాలను సుప్రీంకోర్టు నేరపరిధి నుండి తొలగించింది.
* 2023 అక్టోబరు 17 - స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. అది పార్లమెంటు పరిధిలోని విషయమని పేర్కొన్నది.

ఆధునిక సాహిత్యం

ఒక హిజ్రా ఆత్మకథ

ఈ అంశంపై తెలుగులో మొట్టమొదట చదువవలసిన పుస్తకం ఎ. రేవతి ఆత్మకథ. రేవతి తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో మగపిల్లవానిగా పుట్టి పెరిగిన వ్యక్తి. ఆమె తమిళంలో వ్రాసిన ఆత్మకథకు వి. గీత చేసిన ఆంగ్లానువాదం 'ది ట్రూత్ అబౌట్ మీ' పేరుతో 2010లో వెలువడింది. ప్రముఖ కథారచయిత్రి పి. సత్యవతి దీనిని తెలుగులోకి అనువదించగా హైదరాబాద్ బుక్ ట్రస్టు ప్రచురించింది. ఈ అనువాదానికి సత్యవతికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది.

బాల్యంలో బడిలో ఎదురైన ఎగతాళి, ఇంట్లో అన్నల చేతి దెబ్బలు, ఇల్లు విడిచి ఢిల్లీ, ముంబై వెళ్ళడం, హిజ్రా గురువుల వద్ద ఆశ్రయం, శస్త్రచికిత్స, బ్రతుకుతెరువుకై పడుపువృత్తి, పోలీసుల హింస, చివరకు బెంగుళూరులో హక్కుల సంస్థలో ఉద్యోగం ఇందులోని ప్రధాన ఘట్టాలు. హిజ్రా సముదాయంలోని కట్టుబాట్లనూ, అక్కడి కాఠిన్యాన్నీ కూడా రచయిత్రి దాచలేదు. కొట్టిన ఇంటికే మళ్ళీ మళ్ళీ తిరిగివచ్చి, తల్లిదండ్రుల ప్రేమకై తపించడం ఈ పుస్తకంలో మనసును పట్టే విషయం. ఇందులో శాపవిమోచనం లేదు. రేవతి తనను తాను స్త్రీగా చెప్పుకున్నది, స్త్రీగానే గుర్తించమని అడిగింది. బృహన్నల కథతో పెరిగిన పాఠకునికి ఈ పుస్తకం కొత్త అనుభవం కావడానికి కారణం ఇదే.

ఇతర రచనలు

* 'విత్ రెస్పెక్ట్ టు సెక్స్' (2005) - గాయత్రీ రెడ్డి వ్రాసిన మానవశాస్త్ర గ్రంథం. హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల నడుమ చేసిన క్షేత్ర పరిశోధన దీనికి ఆధారం. గౌరవం, మర్యాద వారి జీవితంలో ఎంత ముఖ్యమైనవో ఇది వివరిస్తుంది. పరిశోధక విద్యార్థులకు ఉపయుక్తం.
* 'మోహనస్వామి' (2013) - కన్నడ రచయిత వసుధేంద్ర కథల సంపుటి. రచయిత తెలుగు నేలను ఆనుకొని ఉన్న బళ్ళారి జిల్లా సండూరుకు చెందినవాడు. చిన్న ఊరినుండి నగరానికి వచ్చిన స్వలింగ ప్రేమికుని ఒంటరితనం ఇందులోని విషయం. ఆంగ్లానువాదం 2016లో వచ్చింది.
* 'లిహాఫ్' (1942) - ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూ కథ. అశ్లీలమని లాహోరు న్యాయస్థానంలో కేసు నడిచింది. రచయిత్రి క్షమాపణ చెప్పక నిలబడి కేసు గెలిచింది.
* 'సేమ్ సెక్స్ లవ్ ఇన్ ఇండియా' (2000) - రూత్ వనిత, సలీం కిద్వాయ్ సంపాదకత్వంలో వెలువడిన సంకలనం. ప్రాచీనకాలం నుండి ఆధునికకాలం వరకు గల భారతీయ రచనలనుండి ఏర్చి కూర్చినది.

చలనచిత్రాలు

మారువేషాల కాలం

'మాయాబజార్' (1957) చిత్రంలో ఘటోత్కచుడు మాయా శశిరేఖ రూపం ధరిస్తాడు. స్త్రీ శరీరంలోని పురుషుని నడకను, చూపును సావిత్రి అభినయించిన తీరు నేటికీ చెప్పుకోదగినది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన 'నర్తనశాల' (1963)లో ఎన్.టి. రామారావు బృహన్నల పాత్రను ఏ మాత్రం హేళన లేకుండా గంభీరంగా పోషించాడు. అగ్రశ్రేణి కథానాయకుడు అటువంటి పాత్ర ధరించడం ఆనాటికి సాహసమే.

తరువాతి దశాబ్దాలలో మారువేషం హాస్యానికి పరిమితమైనది. నరేష్ నటించిన 'చిత్రం భళారే విచిత్రం', రాజేంద్రప్రసాద్ నటించిన 'మేడమ్', తమిళం నుండి అనువాదమైన 'భామనే సత్యభామనే' ఈ కోవకు చెందిన చిత్రాలు. వీటిలో హాస్యం పరిస్థితులనుండి పుట్టింది. కాని ఆ తరువాత పలు చిత్రాలలో నడకతీరు వేరుగా ఉన్న పురుషుడు కేవలం నవ్వుకోవడానికీ, కొట్టడానికీ పాత్రగా మారినాడు. బడిలో, కళాశాలలో ఏ పిల్లవానినైనా ఏడిపించడానికి ఈ పాత్రల పేర్లూ, సంభాషణలూ పనికివచ్చాయి.

2018: రెండు చిత్రాలు

2018 ఫిబ్రవరిలో విడుదలైన 'అ!' చిత్రంలో (దర్శకుడు ప్రశాంత్ వర్మ, సమర్పణ నాని) నిత్యా మీనన్, ఈషా రెబ్బా ప్రేమికులుగా నటించారు. వారిలో ఒకరు తల్లిదండ్రులకు విషయం చెప్పే సన్నివేశం వేళాకోళం లేకుండా సాగుతుంది. ప్రధానస్రవంతి తెలుగు చిత్రాలలో ఇది అరుదు. అయితే చిత్రాంతంలో ఈ పాత్రలన్నీ ఒకే స్త్రీ మనసులోని రూపాలని తేలడం వల్ల వారి ప్రేమకు స్వతంత్రమైన ఉనికి లేకుండా పోయింది. ఈ చిత్రానికి మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగాలలో జాతీయ పురస్కారాలు లభించాయి.

అదే సంవత్సరం ఆగస్టు 30న, సుప్రీంకోర్టు తీర్పుకు వారం రోజుల ముందు, నాగశౌర్య కథానాయకునిగా '@నర్తనశాల' విడుదలైంది. కథానాయకుడు తాను గే అని అబద్ధమాడడం దీనిలో హాస్యానికి ఆధారం. 1963 నాటి చిత్రం పేరునే పెట్టుకున్న ఈ చిత్రంలో, 55 సంవత్సరాల క్రిందటి బృహన్నలకు దక్కిన గౌరవం స్వలింగ ప్రేమికునికి దక్కలేదు. విద్యార్థులు ఈ రెండు చిత్రాలనూ పోల్చి చూడవచ్చును.

ఇతర చిత్రాలు

2016లో వచ్చిన 'అర్ధనారి'లో ట్రాన్స్‌జెండర్ పాత్ర కథకు కేంద్రం. అర్జున్ యజత్ ఆ పాత్ర ధరించాడు. రాంగోపాల్ వర్మ తీసిన 'మా ఇష్టం' (2022) ఇద్దరు స్త్రీల ప్రేమను నేరకథలో ఇమిడ్చినది. కొన్ని మల్టీప్లెక్సులు దీనిని ప్రదర్శించడానికి నిరాకరించాయి. ఇందులో ప్రేమకంటే దేహప్రదర్శనకు ప్రాధాన్యం ఎక్కువ.

తమిళం నుండి అనువాదమైన 'కాంచన' (2011) తెలుగునాట పల్లెలలో సైతం బాగా ఆడింది. శరత్‌కుమార్ ధరించిన కాంచన పాత్ర తనవంటి మరొక ట్రాన్స్‌జెండర్ యువతిని వైద్యవిద్య చదివిస్తుంది. దయ్యం కథ అయినప్పటికీ, ఇంటినుండి వెళ్ళగొట్టిన బిడ్డ బాధను ఇంటిల్లిపాదీ కూర్చుని చూచేటట్లు చేసిన చిత్రం ఇది. ప్రేక్షకుని సానుభూతి పొందడానికి ఆ పాత్ర మరణించవలసి రావడం దీని పరిమితి.

పొరుగు భాషల చిత్రాలు

* 'నాను అవనల్ల... అవళు' (2015, కన్నడ) - లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ఆధారంగా తీసినది. సంచారి విజయ్‌కు ఉత్తమ నటునిగా జాతీయ పురస్కారం లభించింది.
* 'అలీగఢ్' (2016, హిందీ) - స్వలింగ ప్రేమికుడైన కారణంగా విశ్వవిద్యాలయం నుండి సస్పెండైన మరాఠీ ఆచార్యుడు రామచంద్ర సిరస్ జీవితం. మనోజ్ బాజ్‌పాయ్ నటించాడు.
* 'సూపర్ డీలక్స్' (2019, తమిళం) - ఏళ్ళ తరువాత స్త్రీగా ఇంటికి తిరిగివచ్చిన తండ్రిని చిన్నకొడుకు ఏ ప్రశ్నా లేకుండా స్వీకరిస్తాడు. విజయ్ సేతుపతికి ఉత్తమ సహాయనటునిగా జాతీయ పురస్కారం లభించింది.
* 'పావ కదైగళ్' (2020, తమిళం) - నాలుగు కథల చిత్రం. 'తంగం' అనే కథకు సుధ కొంగర దర్శకత్వం వహించింది. మరొక కథలో కోనసీమలోని రాజోలు ప్రాంతానికి చెందిన నటి అంజలి నటించింది.
* 'కాదల్ - ది కోర్' (2023, మలయాళం) - పంచాయతీ ఎన్నికలలో నిలబడిన మధ్యవయస్కుడు గే అని పేర్కొంటూ భార్య విడాకులు కోరుతుంది. మమ్ముట్టి, జ్యోతిక నటించారు. కేరళ రాష్ట్ర ఉత్తమ చిత్ర పురస్కారం పొందినది. దాపరికం వల్ల భార్య కోల్పోయిన జీవితాన్ని కూడా సమానంగా చూపడం దీని విశిష్టత.

పై చిత్రాలకు ముందు దేశమంతటా చర్చ రేపిన చిత్రం దీపా మెహతా 'ఫైర్' (1996). ఒకే ఇంటి తోడికోడళ్ళ ప్రేమ దీని కథ. 1998లో భారతదేశంలో విడుదలైనపుడు కొన్ని ప్రదర్శనశాలలపై దాడులు జరిగాయి.

ప్రపంచ సాహిత్యం, సినిమా

వర్జీనియా వుల్ఫ్ నవల 'ఆర్లాండో' (1928)లో కథానాయకుడు మధ్యలో స్త్రీగా మారి శతాబ్దాలు జీవిస్తాడు. సుద్యుమ్నుని కథతో పోల్చి చదువదగినది. శ్రీలంక నేపథ్యంలో శ్యాం సెల్వదురై వ్రాసిన 'ఫన్నీ బాయ్' (1994) తమిళ కుటుంబంలోని బాలుని కథ. చీర కట్టి పెండ్లికూతురు ఆట ఆడుకునే పిల్లవానిని పెద్దలు మందలించే ఘట్టం మన ఇళ్ళలోనిదే అనిపిస్తుంది. సినిమాలలో ఆంగ్ లీ 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' (2005), ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందిన 'మూన్‌లైట్' (2016) ప్రసిద్ధమైనవి.

ఏ క్రమంలో చదవాలి, చూడాలి

క్రొత్తగా ఈ విషయం తెలుసుకొనగోరేవారికి ఈ క్రింది క్రమం అనుకూలంగా ఉంటుంది.

1. భాగవతం నవమస్కంధంలోని సుద్యుమ్నుని కథ, భారతంలోని శిఖండి కథ.
2. 'నర్తనశాల' (1963).
3. రేవతి ఆత్మకథ, సత్యవతి అనువాదం.
4. 'నాను అవనల్ల... అవళు', తరువాత 'కాదల్'.
5. 'అ!' - తెలుగు సినిమా ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి.

రేవతి పుస్తకంలో హింస, అత్యాచార ఘట్టాలున్నాయి కనుక ఉపాధ్యాయులు ముందుగా చదివి, పై తరగతుల విద్యార్థులకు సూచించడం మంచిది. 'సూపర్ డీలక్స్', 'ఫైర్', 'మూన్‌లైట్' వయోజనులకు ఉద్దేశించినవి.

లోటుపాట్లు

అనువాదాలను ప్రక్కనపెడితే పై పట్టికలో తెలుగు నేలపై పుట్టిన రచనలు తక్కువ. రేవతి కథ నామక్కల్‌లో మొదలైనది, మోహనస్వామి కథ కర్ణాటకకు చెందినది. గోదావరి తీరంలోని ఒక చిన్న పట్టణంలో పెరిగే పిల్లవాడు తన భాషలో, తన ఊరి మాటతీరులో తనవంటివాని కథ వెదికితే అతనికి మొదట ఎదురయ్యేవి హాస్యసన్నివేశాలే. ఇంట్లో చెప్పుకోలేని విషయాన్ని పిల్లలు పుస్తకంలో వెదుకుతారన్నది ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. రేవతి బాల్యంలో అటువంటి పుస్తకం లేదు. నేడు తెలుగులో ఒకటి ఉన్నది. దానిని పాఠశాల, శాఖా గ్రంథాలయాల బీరువాలలో ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఇవి కూడా చూడండి

* ఆంధ్ర మహాభారతం
* కన్యాశుల్కం (నాటకం)
* నర్తనశాల (1963 సినిమా)
* పి. సత్యవతి
* స్థానం నరసింహారావు
* హిజ్రా